చీకటి పక్షానికి దీపం: అండమాన్, నికోబార్ దీవులలో రీచార్జి దీపాల ఎంపిక

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవికి పడమరగా సముద్రగర్భంలో సంభవించిన భూకంపమూ, దాని వెన్నంటి వచ్చిన సునామీ కెరటాలూ అండమాన్, నికోబార్ దీవులకు కలిగించిన నష్టం పాఠకులకు తెలిసినదే. కార్ నికోబార్, కచ్చాల్, గ్రేట్ నికోబార్ తీరాలలోని గ్రామాలు అనేకం తుడిచిపెట్టుకొని పోయినవి. దేశపు దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగిపోగా, 1972 నుండి నావికులకు దారి చూపుతున్న దీపస్తంభం సముద్రపు నీటిలో నిలబడవలసి వచ్చినది. ఇళ్లతో పాటు జెట్టీలు, రోడ్లు, విద్యుత్ స్తంభాలు, తీగలు ఒకే ఉదయాన పనికిరాకుండా పోయినవి.

ఆ రాత్రి పౌర్ణమి. ఎత్తైన ప్రదేశాలకూ, అడవులలోకీ చేరుకున్న జనానికి మొదటి కొద్ది రాత్రులు చంద్రుడే దీపం. కాని చంద్రోదయం రోజుకు ఇంచుమించు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. 2005 జనవరి 10వ తేదీకి అమావాస్య వచ్చినది. ఆనాటికి కూడా వేలాదిమంది సహాయ శిబిరాలలోనే ఉన్నారు. ఎవరి చేతికైనా ఒక టార్చిలైటు దక్కి, అందులో కొత్త సెల్లు ఉండి ఉన్నా, అవి అప్పటికి ఏనాడో అయిపోయి ఉంటాయి. దీర్ఘకాలపు విద్యుత్ అంతరాయానికి దీపం ఎంచుకొనేవారు ఈ కృష్ణపక్షాన్ని మనస్సులో ఉంచుకోవలెనని మా మనవి. మొదటి రాత్రి ఏ దీపమైనా వెలుగుతుంది. పదిహేనవ రాత్రి ఏది వెలుగుతుందో చూసి కొనవలెను. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి.

దీవులలో కరెంటు

విజయవాడలోనో వరంగల్లులోనో కరెంటు పోయినదంటే ఎక్కడో ఒక లైను తెగినదని అర్థం. దానిని సరిచేస్తే దేశమంతటా అల్లుకొని ఉన్న విద్యుత్ వలయం నుండి కరెంటు మళ్లీ వస్తుంది. అండమాన్, నికోబార్ దీవులకు అట్టి వలయంతో సంబంధం లేదు. చెన్నై నుండి గాని విశాఖపట్నం నుండి గాని పోర్టు బ్లెయిరు సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. (ఈ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చినారు.) జనం నివసించే సుమారు ముప్పై దీవులలో చాలావాటికి తమ విద్యుత్తును తామే తయారు చేసుకొనవలసిన పరిస్థితి. దానిలో అధికభాగం డీజెలు యంత్రాలతో తయారవుతుంది. ఆ డీజెలు ప్రధాన భూభాగం నుండి ఓడలమీద రావలెను. ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ వద్ద కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం 2001లో పని ప్రారంభించినది. దక్షిణ అండమాన్‌లో 2013లో 5 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం, 2020లో పెద్ద బ్యాటరీల నిల్వతో కూడిన 20 మెగావాట్ల సౌర కేంద్రం వచ్చినవి. ఇవి డీజెలు భారాన్ని కొంత తగ్గించినా, దీవికీ దీవికీ మధ్య ఉన్న సముద్రాన్ని తగ్గించలేదు. తుఫాను వస్తే ఓడ ఆగుతుంది. ఓడ ఆగితే డీజెలే కాదు, తెగిన లైనుకు కావలసిన తీగ కూడా ఆగుతుంది.

ఈ తుఫానులు తెలుగువారికి రెండు విధాల బంధువులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. వీరిలో ఇంచుమించు ఎనిమిదిమందికి ఒకరి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపలవేటకూ, రేవు పనులకూ, వ్యాపారానికీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నవి. 2014 అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలండ్ మీదుగా సాగిన హుద్‌హుద్ తుఫాను నాలుగు రోజులకు, అక్టోబరు 12న, విశాఖపట్నం వద్ద తీరం దాటినది. దీవిలో ఉన్న తమ్ముడి ఇంటిని తాకిన గాలి నాలుగు రోజులలో అన్న ఇంటిని తాకినదన్నమాట. మహానగరమైన విశాఖలోనే అనేక ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతాన్నీ, ఉద్దానపు కొబ్బరితోటలనూ కూల్చినప్పుడు మారుమూల గ్రామాలు అంతకన్న ఎక్కువ కాలం చీకటిలో ఉన్నవి. 2016 డిసెంబరులో వార్దా తుఫాను వచ్చినప్పుడు హేవ్‌లాక్, నీల్ దీవులకు ఓడల రాకపోకలు నిలిచిపోయి వందలాది యాత్రికులు అక్కడనే చిక్కుకున్నారు. (ఈ రెండింటి పేర్లు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మారినవి.) ఇక్కడ మనం మాట్లాడుతున్నది గంటసేపు కరెంటు పోవడాన్ని గురించి కాదు.

మరొక విశేషం కూడా ఉన్నది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా నడుస్తుంది. పోర్టు బ్లెయిరు ఇంచుమించు 92.7 డిగ్రీల వద్ద ఉన్నది. అందుచేత గడియారం ఒకటే అయినా సూర్యుడు ఇక్కడ సుమారు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరు మాసంలో సాయంకాలం ఐదు గంటల ప్రాంతంలోనే ప్రొద్దు గూకుతుంది. బడి నుండి వచ్చిన పిల్లవాడు పుస్తకం తెరిచేసరికే దీపం అవసరమవుతుంది. హైదరాబాదు ఇంటికి వేసిన లెక్క ఇక్కడి ఇంటికి చాలదు.

పాత దీపం నేర్పిన పాఠం

మన పెద్దలు హరికేన్ లాంతరును అంతగా నమ్ముకొనుటకు కారణం దాని వెలుగు కాదు. ఆ వెలుగు నేటి మూడు వాట్ల ఎల్.ఇ.డి. దీపం ముందు ఏ మూలకూ రాదు. ఒక మామూలు కొవ్వొత్తి సుమారు 12 ల్యూమెన్ల వెలుగు ఇస్తే, మంచి ఎల్.ఇ.డి. దీపం ఒక్క వాటుకు 100 ల్యూమెన్ల వరకు ఇస్తుంది. అయినా లాంతరుకు రెండు గొప్ప గుణాలు ఉండేవి. సీసాలో కిరసనాయిలు ఎంత మిగిలినదో కంటికి కనబడేది. అయిపోతే నిమిషంలో నింపుకొనవచ్చును. రీచార్జి దీపంలో మిగిలినదెంతో కనబడదు. నింపుటకు గంటలు పడుతుంది, అదీ నింపే సాధనం ఉంటేనే. కొత్త దీపం కొనేటప్పుడు పాత లాంతరుకున్న ఈ రెండు గుణాలను మొదట వెదకవలెను.

అయితే కిరసనాయిలుకే తిరిగి పోదామని మేము అనము. రేకుల ఇంటిలో, తాత్కాలిక నివాసంలో, గాలి విసురుగా వీచే రాత్రి, నేలమీద పడుకున్న పసిపిల్లల మధ్య మండే దీపం పెట్టుకోవడమంటే ప్రాణాలతో చెలగాటం. పైగా ఆ నూనె కూడా ఓడలోనే రావలెను. పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ చేసే హాని సరేసరి.

ముందు లెక్క, తరువాత దుకాణం

దుకాణంలో అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది వెలుగు, వెలిగే గంటలు. ఈ గంటలు చాలాసార్లు దీపాన్ని అతి తక్కువ వెలుగులో ఉంచినప్పటివి. వెలుగు మాత్రం అతి ఎక్కువలో ఉంచినప్పటిది. రెండూ నిజమే, కాని రెండూ ఒకే రాత్రి దొరకవు. పెట్టె మీద మనం వెదకవలసినది వాట్-గంట అనే అంకె. ఒక వాటు దీపం ఒక గంట వెలిగితే ఖర్చయ్యే శక్తి ఒక వాట్-గంట. ఆ అంకె లేకపోతే బ్యాటరీ వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించినా అదే వస్తుంది.

పోర్టు బ్లెయిరులోని జంగ్లీఘాట్‌లో ఒక మత్స్యకార కుటుంబాన్ని ఊహించుకుందాము. తండ్రి తెల్లవారుజామున మూడు గంటలకు వేటకు పోవలసినవాడు. తల్లి, చదువుకొనే ఇద్దరు పిల్లలు, చూపు మందగించిన నాయనమ్మ ఇంటిలో ఉన్నారు. వంటకు 2 వాట్ల దీపం 3 గంటలు: 6 వాట్-గంటలు. చదువుకు 2 వాట్ల దీపం 4 గంటలు: 8 వాట్-గంటలు. నాయనమ్మ రాత్రి లేస్తే తడుముకొనకుండా అర వాటు గుడ్డిదీపం 10 గంటలు: 5 వాట్-గంటలు. తండ్రి టార్చి 1 వాటు, గంటసేపు: మరొకటి. మొత్తం 20 వాట్-గంటలు. ఐదుగురు మనుషుల రాత్రికి ఇంతేనా అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. దీపాల వరకు ఇంతే. ఒక సెల్‌ఫోనును నిండుగా చార్జి చేయుటకు నష్టాలతో కలిపి సుమారు 20 వాట్-గంటలు కావలెను. అనగా ఇంటిలోని వెలుగంతా కలిపి తినేదాన్ని ఆ చిన్న యంత్రం ఒక్కటే తింటుంది! విపత్కాలంలో కబురు తెలియడం కూడా వెలుగంత ముఖ్యమే. కాని ఫోను టార్చిని ఇంటిదీపంగా వాడుకొనే అలవాటు రెండింటినీ పోగొడుతుంది. వార్తల కోసమైతే ఒక చిన్న రేడియో ఫోనుకన్న చాలా తక్కువ శక్తితో పని చేస్తుంది.

విద్యార్థులు ఇక్కడ భౌతికశాస్త్రంలోని ఒక సూత్రాన్ని గుర్తు తెచ్చుకోవలెను. ఒక బిందువు నుండి వచ్చే వెలుగు దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. పుస్తకానికి రెండు మీటర్ల ఎత్తున పైకప్పుకు వ్రేలాడే దీపాన్ని అర మీటరు దూరానికి దించితే, అదే దీపం పుస్తకం మీద పదహారు రెట్ల వెలుగు పడవేస్తుంది. కరెంటు ఉన్న రోజులలో గదినంతా వెలిగించే అలవాటు మనకు ఉన్నది. కరెంటు లేని రోజులలో పనిని వెలిగించాలి గాని గదిని కాదు. దీపం వెనుక ఒక తెల్లకాగితం గాని పళ్లెం గాని నిలబెడితే వృథాగా పోయే వెలుగు కూడా పుస్తకం మీదకు మళ్లుతుంది. అందువల్ల ఒక పెద్ద దీపం కంటె తీసి పెట్టుకొనుటకు వీలైన మూడు నాలుగు చిన్న దీపాలు మేలు. ఒకటి చెడిపోతే ఇల్లంతా చీకటి కాకపోవడం దీనివల్ల కలిగే మరొక లాభం. ఈ దీపాలలో కనీసం ఒకటి వెలుగును మూడు నాలుగు అంతస్తులుగా తగ్గించుకొనే మీటతో ఉండాలి.

రంగు విషయంలో పసుపు ఛాయ గల దీపాలనే మేము కోరుకుంటాము. తెల్లని నీలిఛాయ దీపాలకన్న వీటి వద్దకు పురుగులు తక్కువగా వస్తాయి. దిగ్లీపూర్ సమీపంలోని కాలీపూర్ వంటి తీరాలలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెడతాయి. ఇసుకలో నుండి బయటపడిన పిల్లలు వెలుగును బట్టి సముద్రం దిక్కు తెలుసుకుంటాయి. తీరానికి దగ్గరి ఇళ్లవారు దీపాన్ని సముద్రం వైపు తిప్పకుండా ఉంచితే ఆ పిల్లలు దారి తప్పవు.

నిల్వ చేసే బ్యాటరీ

1980, 1990 దశకాలలో మన ఇళ్లలోకి ఎమర్జెన్సీ లైటు వచ్చినది. రెండు చిన్న ట్యూబులు, లోపల మూతవేసిన సీసపు బ్యాటరీ. అది గోడకు తగిలించినప్పుడు ఎంత హుందాగా ఉండేదో, అవసరం వచ్చిన రోజున అంత తరచుగా మొరాయించేది. తప్పు దానిది కాదు. సీసపు బ్యాటరీని ఖాళీ చేసి వదిలివేస్తే దాని పలకలపై గంధకపు లవణం గట్టిపడి, మళ్లీ చార్జి తీసుకొనే శక్తి పోతుంది. ఆరు నెలలు అలమరలో మరచిపోయిన దీపం తుఫాను రాత్రి వెలగకపోవడానికి కారణం ఇదే. ఎండకాలపు వేడి ఈ నాశనాన్ని మరింత త్వరపెడుతుంది.

సునామీ అనంతరం ఈ దీవులకు వచ్చిన సహాయసామగ్రిలో సౌర లాంతర్లు కూడా ఉన్నవి. ఆ రోజులలో సంప్రదాయేతర ఇంధన వనరుల మంత్రిత్వశాఖ ప్రచారంలోకి తెచ్చిన ప్రసిద్ధ నమూనాలో 10 వాట్ల సౌర ఫలకం, 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ, 7 వాట్ల సి.ఎఫ్.ఎల్. దీపం ఉండేవి. లెక్క వేసి చూద్దాము. బ్యాటరీలో ఉన్నవి 84 వాట్-గంటలు. సీసపు బ్యాటరీ దీర్ఘాయువుతో ఉండాలంటే సగమే వాడుకోవలెను, అనగా 42. దీపం 4 గంటలు వెలిగితే 28. ఎండ లేకపోతే ఒకటిన్నర రాత్రికి సరిపోయే నిల్వ అది. ఎండ కాసిన రోజున ఫలకం తిరిగి నింపగలదు. ముసురు పట్టిన వారంలో నింపలేదు. ఆ లాంతరు తన కాలానికి గొప్ప మేలు చేసినదే. నేడు అదే ఫలకంతో, మూడు వాట్ల లోపు ఎల్.ఇ.డి.తో, అంతే వెలుగును సగానికన్న తక్కువ ఖర్చుతో పొందవచ్చునన్నదే తేడా.

నేడు దుకాణాలలో దొరికే వాటిలో లిథియం బ్యాటరీలదే పైచేయి. వీటిలోనూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని ఇంటిదీపానికి మేము ముందు నిలబెడతాము. ఇతర లిథియం రకాల కంటె ఇది వేడికి ఓర్చుకుంటుంది, మంటలు రేగే ప్రమాదం తక్కువ, రెండు వేల సార్లకు పైగా నింపి ఖాళీ చేయవచ్చును. సీసపుది నిండా వాడితే కొన్ని వందల సార్లకే అలసిపోతుంది. మన జంగ్లీఘాట్ కుటుంబానికి ఎండలేని మూడు రాత్రుల నిల్వ కావలెనంటే 60 వాట్-గంటలు. సగమే వాడవలసిన సీసపు బ్యాటరీతో అయితే 120 వాట్-గంటలది కొనవలెను. బరువు మూడు కిలోలకు పైమాట. నిల్వలో ఐదింట నాలుగు వంతులు వాడుకొనదగిన ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 12.8 వోల్టుల 6 ఆంపియర్-గంటలది, అనగా సుమారు 77 వాట్-గంటలది చాలును. బరువు కిలోకు లోపే. ధర మొదట ఎక్కువ అనిపించినా ఆయుర్దాయంతో భాగించి చూస్తే చౌక.

ఈ 77 అన్న అంకెకు మరొక ప్రయోజనం ఉన్నది. దీవులకు విమానంలో పోయేవారు విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను చేతిసంచిలోనే తీసుకొని పోవలెను గాని సామాను పెట్టెలో వేయరాదు. 100 వాట్-గంటల లోపు వాటికి సాధారణంగా విమాన సంస్థ ప్రత్యేక అనుమతి అవసరం ఉండదు. ఓడలో వచ్చే సరుకు కోసం ఎదురుచూడకుండా, చుట్టపుచూపుగా వచ్చే బంధువు చేతనే తెప్పించుకొనవచ్చును.

టార్చికి మాత్రం విడిగా తీసి మార్చుకొనే సెల్లు గలదే మేలు. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్లలో చార్జి త్వరగా కారిపోని రకాలు ఏడాది పక్కన పెట్టినా చాలావరకు నిండుగానే ఉంటాయి. అవి అయిపోతే పొరుగింటివారి మామూలు సెల్లు కూడా అదే టార్చిలో పడతాయి. లోపలి బ్యాటరీని అంటించి మూసివేసిన దీపానికి ఈ సౌకర్యం లేదు. బ్యాటరీతోపాటు దీపమూ చెత్తలోకి పోవలసినదే. చేతితో త్రిప్పే దీపాలను గురించి కొందరు అడుగుతుంటారు. మనిషి చెయ్యి తేలికగా ఇవ్వగలిగేది రెండు మూడు వాట్లు. నిమిషం త్రిప్పితే అర వాటు దీపం ఐదు నిమిషాలు వెలుగుతుంది. మందుసీసా వెదకుటకు చాలు, పరీక్షకు చదువుటకు చాలదు.

తిరిగి నింపే సాధనం

మా దృష్టిలో ఎంపిక అంతా ఇక్కడనే తేలుతుంది. కరెంటుతో మాత్రమే నిండే దీపం ఎంత మంచిదైనా మొదటి రెండు మూడు రాత్రుల దీపమే. ఇటీవల బల్బు ఆకారంలో, హోల్డరులోనే ఉండి కరెంటు పోగానే తనంతట తాను వెలిగే దీపాలు బహుళ ప్రచారంలోకి వచ్చినవి. కొన్ని గంటల కోతకు అవి చక్కని పరికరాలు. వారం రోజుల చీకటిలో అవి ఒక్క రాత్రి చుట్టాలు. ఇన్వర్టరు ఉన్న ఇళ్లవారికి మరొక భ్రమ ఉంటుంది. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటలు ఉన్న మాట నిజం. కాని ఇన్వర్టరు దీపమేదీ వెలగకపోయినా ఊరకనే పది వాట్ల వరకు, కొన్ని ఇంకా ఎక్కువ, తింటూ ఉంటుంది. పన్నెండు గంటల రాత్రికి 120 వాట్-గంటలు! మన కుటుంబపు దీపాల ఖర్చుకు ఆరింతలు ఏ పనీ చేయకుండానే పోతున్నది. దీర్ఘ అంతరాయంలో ఇన్వర్టరును ఆపివేసి, దాని బ్యాటరీ నుండి తగిన ఫ్యూజుతో 12 వోల్టుల ఎల్.ఇ.డి. దీపాలను నేరుగా వెలిగించుకొనే ఏర్పాటును ముందుగానే ఎలక్ట్రీషియను చేత చేయించుకున్న ఇల్లు పక్షం రోజులు నిశ్చింతగా ఉంటుంది.

మిగిలినవారికి దిక్కు సూర్యుడే. అయితే ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మే నుండి డిసెంబరు మొదటి వరకు మబ్బులు విడువవు. తుఫాను వెళ్లిన తరువాతి రోజులు కూడా ముసురు రోజులే. కాబట్టి ఫలకాన్ని ఎండకాలపు లెక్కతో కొనరాదు. మంచి ఎండలో ఒక రోజు ఐదు గంటల నిండు ఎండకు సమానం. ముసురులో ఒకటిన్నర గంట అనుకుందాము. నష్టాలు పోగా పదింట ఏడు వంతులే బ్యాటరీలో చేరుతుంది. 10 వాట్ల ఫలకం ముసురు రోజున ఇచ్చేది పదిన్నర వాట్-గంటలు. మన కుటుంబానికి కావలసిన దానిలో సగం. 20 వాట్ల ఫలకం 21 ఇస్తుంది. లెక్క సరిపోయినది. అదే ఫలకం ఎండ కాసిన రోజున 70 ఇస్తుంది. ఆ రోజు ఫోను నింపుకొని, రేడియో వినవచ్చును. దీపం నెత్తిన అతికించిన అరచేయి వెడల్పు ఫలకాలు ఒకటి రెండు వాట్లవి. వాటిని నమ్ముకొని ముసురులో కూర్చోరాదు. పైగా ఫలకం ఎండలో ఉండాలంటే దీపమూ బ్యాటరీ కూడా ఎండలో మాడవలసి వస్తుంది. తీగతో విడిగా ఉండే ఫలకమే కావలెను.

దానిని దక్షిణానికి ముఖంగా పది పదిహేను డిగ్రీల వాలుతో ఉంచితే ఈ అక్షాంశాలకు సరిపోతుంది. వాన కూడా దానిని కడిగి పోతుంది. కొబ్బరిమట్ట నీడ ఒక్క మూల పడినా మొత్తం ఫలకం బలహీనపడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఫలకంలోని గడులన్నీ గొలుసులాగా కట్టినవి కావడమే దీనికి కారణం. గాలి హెచ్చరిక వినగానే విప్పి లోపలికి తెచ్చుకొనేలా మరచుట్లతో బిగించవలెను. పైకప్పుకు శాశ్వతంగా బిగించినది పైకప్పుతో పాటే పోతుంది.

ఉప్పుగాలి

ప్రధాన భూభాగంలో ఐదేళ్లు వచ్చే పరికరం ఇక్కడ రెండేళ్లకే తుప్పు పట్టడం దీవులవారికి అనుభవమే. ఇనుప స్ప్రింగులకు బదులు ఇత్తడి లేక నికెల్ పూత గల స్పర్శలు, చార్జి చేసే రంధ్రానికి రబ్బరు మూత, అతుకుల వద్ద రబ్బరు చుట్టు ఉన్నవో లేదో దుకాణంలోనే విప్పి చూడవలెను. పెట్టె మీద ఐ.పి. 65 అని ఉంటే ధూళి లోపలికి పోదనీ, పైన పడే నీటిధారకు తట్టుకుంటుందనీ అర్థం. నీటిలో మునిగినా పరవాలేదని కాదు. సముద్రపు నీటిలో మునిగిన లిథియం బ్యాటరీని ఎండబెట్టి మళ్లీ చార్జి చేసే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. లోపల ఉప్పునీరు చేసిన హాని వెంటనే కనబడదు. మంట గంటల తరువాత రావచ్చును. దానిని ఇంటికి దూరంగా, ఆరుబయట ఉంచవలెను.

ఆయువు తీరిన బ్యాటరీలను గురించి కూడా ఒక మాట. చిన్న దీవిలో పాతిపెట్టిన సీసం ఆ దీవి బావిలోకే వస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమావళి పాత బ్యాటరీలను సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టినది. కొత్తది కొనేటప్పుడు పాతదానిని తిరిగి ఇవ్వడం అలవాటు కావలెను. పాఠశాల విజ్ఞాన సంఘాలు ఊరిలోని పాత సెల్లను ఒక పెట్టెలో పోగుచేసి ఓడ ఎక్కించే పనిని తేలికగా చేపట్టవచ్చును.

ఇక కొన్న దీపాన్ని సిద్ధంగా ఉంచడం. ఎప్పుడు చార్జి చేసినదీ ఒక అంటుకాగితంపై వ్రాసి బ్యాటరీకి అంటించవలెను. సీసపు బ్యాటరీని ప్రతి నెల, లిథియం దానిని మూడు నెలలకు ఒకసారి నింపవలెను. ఇందుకు క్యాలెండరులో తేదీ వెదకనవసరం లేకుండా అమావాస్యను గుర్తు పెట్టుకొంటే సరిపోతుంది. ఆ సాయంకాలం ఇంటి మెయిన్ స్విచ్చి ఆపివేసి, ఒక్క రాత్రి ఈ దీపాలతోనే వంట, చదువు, భోజనం సాగించి చూడవలెను. పిల్లలకు ఇది ఆటగా ఉంటుంది. ఏ దీపం ఎన్ని గంటలకు మసకబారినదీ వారి చేతనే కాగితం మీద వ్రాయించవలెను. అన్నిటికన్న ముందు ఆరిపోయిన దీపం ఏదో చూసి, తెల్లవారగానే దాని ఫలకాన్ని ఎండలో పెట్టి, ఆ రాత్రి మళ్లీ దానిని ఒక్కదానినే వెలిగించి చూడవలెను. మళ్లీ అదే వేళకు ఆరిపోతే బ్యాటరీ మార్చవలసిన సమయం వచ్చినదన్నమాట. తరువాతి ఓడకు ముందే ఆ మాట తెలిసి ఉండడం మంచిది.